ప్రైవేటు దవాఖానలకు సంఘమున్నది.. మన పీహెచ్‌సీకి ఎవలున్నరు?

2025ల మన తెలంగాణల ఒకటే వార్త రెండుసార్లు ఇన్నం. జనవరిల ఒకసారి, సెప్టెంబర్ల ఇంకోసారి. ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ప్రైవేటు దవాఖానలు ‘మా బాకీలు కట్టకపోతె సేవలు ఆపుతం’ అని సర్కారుకు చెప్పినయి. అక్టోబర్ల ఆంధ్రప్రదేశ్‌ల ఎన్టీఆర్ వైద్యసేవ దవాఖానలు సుత గదే బాట పట్టినయి.

ఇసొంటి వార్త వాట్సాప్ గ్రూపుల పడంగనే మనోళ్లు రెండు జట్లయితరు. ‘సర్కారు దగ్గర పైసల్లేవు, మాటలే ఉన్నయి’ అని ఒక జట్టు. ‘ప్రైవేటోళ్లు పేదోని పాణంతోటి బేరమాడుతున్నరు’ అని ఇంకో జట్టు. రెండు దిక్కుల ఎంతో కొంత నిజమున్నది. కాని రెండు జట్లూ అడగని సవాలు ఒకటి మిగిలిపోతున్నది. ఆరోగ్యం కోసం సర్కారు పెట్టే పైసలు ఏ దిక్కు పోవాలె అన్నది ఎవలు తేలుస్తున్నరు? నాకు సమజైన కాడికి, అడిగే సంఘం ఎవలకున్నదో, ఆపే తాకత్ ఎవలకున్నదో ఆ దిక్కే పైసలు ముందు పోతున్నయి. ఊర్ల ఉన్న పీహెచ్‌సీకి ఆ సంఘమూ లేదు, ఆ తాకతూ లేదు. ఇది ఎట్ల నడుస్తదో విడమర్చి చెప్తా, జర ఓపికతోటి సదువుండ్రి.

కార్డు చూపిస్తె పైసలు ఎవలు కడ్తరు?

ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ అయినా, కిడ్నీ పోయినా పేదోనికి రెండే తొవ్వలు. ఉన్న భూమి అమ్ముకునుడు, లేకుంటె ఎమ్మెల్యే కాడికి పోయి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకునుడు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంల వై.ఎస్. రాజశేఖరరెడ్డి సర్కారు ఈ పథకం మొదలువెట్టింది. ముందుగాల మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలల్ల పెట్టి, 2008 జులై నాటికి రాష్ట్రమంత చేసింది. దీనితోటి మస్తు మంది పాణాలు నిలవడ్డయి. ఆ మాట కాదన్నోడు ఊర్లల్ల తిరగనట్టే లెక్క.

అయితె ఆరోగ్యశ్రీ అంటె సర్కారు వైద్యం అనుకునుడు పొరపాటు. సర్కారు దవాఖానలల్ల సుత ఆరోగ్యశ్రీ కేసులు చేస్తరు, కాని ప్రైవేటు కాడ జరిగేది ఏందంటె సర్కారు మన తరఫున వైద్యం కొంటున్నది. సర్కారు గిరాకి, దవాఖాన దుకాణం. ఏ ఆపరేషన్‌కు ఎంత అన్నది ముందుగాలనే రాసి పెడ్తరు. దాన్ని ప్యాకేజీ రేటు అంటరు. మీరు దవాఖానకు పోతె ఆరోగ్యమిత్ర కార్డు చూస్తడు, దవాఖానోళ్లు కంప్యూటర్ల అనుమతి అడుగుతరు, ఆరోగ్యశ్రీ ట్రస్టు ఒప్పుకుంటది, ఆపరేషన్ అయితది, మీరు ఇంటికొస్తరు. మీ పని గక్కడికి అయిపోయింది. దవాఖాన పని అప్పుడు మొదలైతది. బిల్లు పెట్టాలె, ట్రస్టు సరిచూడాలె, సరే అనాలె, అటెన్క ఆర్థిక శాఖ పైసలు వదలాలె. బిల్లు పాస్ అయినా పైసలు రాకపోవుడు ఈ ఆఖరి మెట్టు కాడనే ఎక్కువ.

ఇంకొక్క ముచ్చట శానా మందికి తెల్వది. 10 లక్షల పరిమితి అంటె దవాఖానకు 10 లక్షలు ఇస్తరని కాదు. ఒక కుటుంబానికి ఏడాదిల అంతదాక వైద్యం చేయించొచ్చని. దవాఖానకు వచ్చేది ప్యాకేజీ రేటు మాత్రమే. తెలంగాణల 2023 డిసెంబర్ 9న, అంటె ఆడోళ్లకు ఫ్రీ బస్సు మొదలైన రోజే, పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు. అదే నెల ఆంధ్రల అప్పటి సర్కారు 25 లక్షలు అన్నది. పరిమితి పెంచుడు ఒక్క సభల, ఒక్క రోజుల అయ్యే పని. దానికి సరిపోను పైసలు బడ్జెట్ల పెట్టుడు, పెట్టిన పైసలు నెలనెలా వదులుడు వేరే పని. మొదటిదానికి చప్పట్లు వస్తయి. రెండోదానికి ఎవలూ చప్పట్లు కొట్టరు. అందుకే బాకీలు పేరుకపోతయి.

దవాఖానలు అడిగేది తప్పా?

కాదు. ఇది నేను కుల్లం కుల్ల చెప్తా. చేసిన పనికి పైసలు అడుగుడు ఎవలకైనా హక్కే. తెలంగాణల బాకీ వెయ్యి కోట్ల పైన ఉన్నదని దవాఖానల సంఘం చెప్పింది. జిల్లా కేంద్రంల ఒక యాభై పడకల దవాఖాన అనుకోండ్రి. అండ్ల నర్సులు, వార్డు బాయ్‌లు, ల్యాబోళ్లు మన ఊర్ల పిల్లలే. ఆరోగ్యశ్రీ కేసుల మీదనే నడిచే అసొంటి దవాఖానకు నెలల కొద్ది పైసలు రాకుంటె మందుల దుకాణపోడు ఉద్దెర బంద్ చేస్తడు, జీతాలు ఆగుతయి. పట్నంల ఉన్న పెద్ద కార్పొరేట్ దవాఖానకు ఆ తిప్పలు లేదు. దానికి నగదు గిరాకి ఉన్నది, ఇన్సూరెన్స్ గిరాకి ఉన్నది. ఆరోగ్యశ్రీ దానికి పక్క పంట, చిన్నోనికి అదే అసలు పంట. బాకీ పెట్టుడుతోటి సర్కారు ఎక్కువ ఇబ్బంది పెట్టేది చిన్నోన్నే.

బాకీలు ఒక్కటే కాదు, రేట్లు పెంచాలె, ఒప్పందం షరతులు మార్చాలె అని సుత అడుగుతున్నరు. దీనికి ఫలితం సుత వచ్చింది. 2024 జులైల తెలంగాణ సర్కారు ఆరోగ్యశ్రీల 163 చికిత్సలు కొత్తగ కలిపి మొత్తం 1,835 చేసింది, శానా వాటి రేట్లు పెంచింది. ఏండ్ల సంది మారని రేట్లు, పెంచుడు తప్పేం కాదు. కాని రేటు ఎంత పెంచితె న్యాయం, ఆ లెక్క ఎవలు కట్టిండ్రు, ఆ లెక్క కాయితం జనం ముందట ఎందుకు లేదు అన్నది మనం అడగాలె.

పైరవీ ఎట్ల నడుస్తది?

ఇంగ్లీషోళ్లు దీన్ని లాబీయింగ్ అంటరు. మనం పైరవీ అంటం. చట్టం చేసేటోని కాడికి, పైసలు వదిలేటోని కాడికి పోయి ‘మా పని చూడుండ్రి’ అని పద్ధతిగ ఒత్తిడి పెట్టుడు. లంచం వేరు, పైరవీ వేరు. బీడీ కార్మికులు కలెక్టరేట్ ముందట కూసుంటె అదీ ఒత్తిడే. రైతులు వడ్ల కుప్పల కాడ రాస్తారోకో చేస్తె అదీ ఒత్తిడే. దవాఖానల సంఘం మంత్రికి వినతిపత్రం ఇచ్చుడు సుత అట్లాంటిదే.

తేడా ఏడున్నదంటె తొవ్వల ఉన్నది. బీడీ కార్మికురాలికి కలెక్టరేట్ గేటు దాకనే తొవ్వ. దవాఖానల సంఘానికి మంత్రి గది దాక తొవ్వ. అందరు ఎమ్మెల్యేలు అసొంటోళ్లు కాకపోవచ్చు, కాని చట్టసభలల్ల కూసునేటోళ్లల్ల సొంతంగ దవాఖానలు, మెడికల్ కాలేజీలు ఉన్నోళ్లు సుత ఉన్నరు. ఇది గుట్టేం కాదు, వాటాలు, ఆస్తులు వాళ్ల ఎన్నికల అఫిడవిట్లల్ల రాసే ఉంటయి. ఆరోగ్య బడ్జెట్ మీద చర్చ వచ్చినప్పుడు అసొంటి సభ్యుడు లేచి మాట్లాడితె, ఆయన మాట్లాడేది నియోజకవర్గం కోసమా, సొంత దవాఖాన కోసమా అని మనం ఎట్ల తెలుసుకోవాలె?

అమెరికాల సుత దవాఖానల సంఘాలు రాష్ట్రాల చట్టసభల చుట్టు తిరుగుతయి. పేదోళ్ల కోసం ఆడ నడిచే మెడికెయిడ్ పథకంల రేట్లు పెంచుండ్రి అని ఒత్తిడి పెడ్తయి. కాని ఆడ పైరవీ చేసేటోళ్లు పేరు నమోదు చేసుకోవాలె, దానికి పెట్టిన ఖర్చు లెక్క సర్కారుకు చూపాలె. ఆడ అంత మంచిగున్నదని నేను అంటలేను. కనీసం ఎవలు అడిగిండ్రో కాయితం మీద ఉంటది. మన దేశంల దీనికి ప్రత్యేకంగ చట్టమే లేదు. ఎవలు ఎవలను కలిసిండ్రు, ఏం అడిగిండ్రు, ఏం ఒప్పుకున్నరు అన్నది మనకు చర్చలు అయిపోయినంక పేపర్ల వచ్చే రెండు లైన్లతోటే తెలుస్తది.

రాజస్థాన్‌ల ఏమైంది?

దవాఖానలు కలిసి ఒత్తిడి పెడితె చట్టమే ఎట్ల వంగుతదో చూడాలంటె రాజస్థాన్ ముచ్చట తెల్వాలె. 2023 మార్చి 21న ఆడి అసెంబ్లీ ఆరోగ్య హక్కు బిల్లు పాస్ చేసింది. పాణం మీదికొచ్చినోడు ఏ దవాఖానకు పోయినా, చేతిల పైసలు లేకున్నా ముందుగాల వైద్యం చెయ్యాలె అన్నది అండ్ల ముఖ్యమైన మాట. ప్రైవేటు డాక్టర్లు, దవాఖానలు రోడ్డెక్కిండ్రు, సేవలు ఆపిండ్రు. ‘మాకు పైసలు ఎవలు కడ్తరు, ఎప్పుడు కడ్తరు’ అన్నది వాళ్ల సవాలు. మన దగ్గర బాకీలు చూసినోళ్లకు ఆ భయం ఉత్తదే అనబుద్ధి కాదు.

ఏప్రిల్ 4న ఒప్పందం అయింది. 50 పడకల కంటె తక్కువున్న ప్రైవేటు దవాఖానలను పక్కకు పెట్టిండ్రు. సర్కారు నుంచి భూమి, బిల్డింగు రాయితీలు తీసుకోని దవాఖానలను సుత పక్కకు పెట్టిండ్రు. అసెంబ్లీ పాస్ చేసి పదిహేను రోజులు తిరిగేటాళ్లకు చట్టం చేయి పొడుగు గంత తగ్గింది. ఆ చర్చల డాక్టర్ల సంఘాలు కూసున్నయి, సర్కారు కూసున్నది. ఎవలికోసం ఆ హక్కు తెచ్చిండ్రో ఆ రోగి కోసం మాట్లాడేటోడు ఆ బల్ల కాడ లేడు.

సంఘం లేని దవాఖాన గతి

ఇగ మన దిక్కు చూద్దాం. ఆరోగ్యశ్రీ బంద్ అన్నప్పుడల్లా రోజుల లెక్కల చర్చలు జరుగుతయి, కొన్ని పైసలు వదులుతరు, ఇంకిన్ని ఇస్తమంటరు. మరి ఉస్మానియా దవాఖాన ముచ్చటేంది? నిజాం కాలంల కట్టిన ఆ పాత బిల్డింగ్ పెచ్చులూడుతున్నదని, కొత్తది కట్టాలని 2015ల సర్కారే అన్నది. 2020 జులైల వానలకు వార్డులల్లకు నీళ్లొచ్చినయి, పాత బిల్డింగుకు తాళం వడ్డది. గోషామహల్‌ల కొత్తదానికి శంకుస్థాపన 2025 జనవరి 31న అయింది. మాట అన్న నాటి నుంచి మొదటి రాయి పడేదాక పదేండ్లు. రాష్ట్రంల నలుమూలల నుంచి పేదోళ్లు పోయే దవాఖాన గతే ఇట్లుంటె, మన మండలంల పీహెచ్‌సీ సంగతి చెప్పాల్నా?

పీహెచ్‌సీ డాక్టరు ‘బంద్’ పెడ్తనంటె ఏ మంత్రీ ఉరుకడు. సబ్ సెంటర్ల ఏఎన్ఎం, ఆశా వర్కర్ ధర్నా చేస్తె జీతం కోసం చేస్తరు, అండ్ల సుత వాళ్లకు ఏండ్లు పడ్తది. పీహెచ్‌సీల బీపీ గోలీలు ఉన్నయా, ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నడా అని అడిగేటోళ్ల సంఘం లేనే లేదు.

ఇది ఎందుకు పెద్ద ముచ్చటో ఒక్క లెక్క చెప్తా. మన ఊర్లల్ల నలభై దాటినోళ్లల్ల బీపీ, షుగర్ ఉన్నోళ్లు మస్తు మంది. దినాం ఒకటి రెండు గోలీలు ఏసుకుంటె, మూడు నెలలకొకసారి చూపించుకుంటె మస్తు మందికి కంట్రోల్ల ఉంటది. ఆ గోలీల ఖరీదు శానా తక్కువ. ఏసుకోకుంటె ఏండ్లు గడిచినంక కిడ్నీలు పోవచ్చు. అప్పుడు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్, బతికినన్ని రోజులు. దానికి ఆరోగ్యశ్రీ పైసలు కడ్తది. అంటె గోలీ కాడ మిగిలించుకున్న రూపాయి, డయాలసిస్ కాడ వెయ్యింతలై పోతది. పైసలు పోవుడు ఒక ఎత్తు, మనిషి కైకిలి పోయే రోజులు పోవుడు ఇంకో ఎత్తు. అయితె డయాలసిస్ బిల్లుకు అడిగే సంఘమున్నది, గోలీకి లేదు.

మొత్తం బడ్జెట్ లెక్క సుత చూడుండ్రి. 2025-26ల తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. అండ్ల వైద్య ఆరోగ్యానికి పెట్టింది 12,393 కోట్లు. అంటె నూరు రూపాయలల్ల నాలుగు రూపాయలు. రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్ల 8 శాతం కంటె ఎక్కువ పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. మనం సగం తొవ్వల ఉన్నం. కుండల ఉన్నదే తక్కువైనప్పుడు, అండ్లకెళ్లి ఎవలు ముందు ముంచుకుంటరు అన్నదే అసలు కొట్లాట.

కొనుడు ఎక్కువైతె ఇంకో తిప్పల

వైద్యాన్ని ప్యాకేజీ లెక్కన కొన్నప్పుడు, ఏ ఆపరేషన్‌కు రేటు మంచిగున్నదో ఆ ఆపరేషన్లు పెరిగే భయం ఉంటది. మన ఆడోళ్ల గర్భసంచి ఆపరేషన్ల ముచ్చట గుర్తుకు తెచ్చుకోండ్రి. ఉమ్మడి రాష్ట్రంలనే ఇవి మితిమీరినయని గొడవై, ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషన్లు సర్కారు దవాఖానలల్లనే చెయ్యాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీసేసినోళ్లు దేశంల 3 శాతం చిల్లర ఉంటె, రెండు తెలుగు రాష్ట్రాలల్ల 8 శాతం దాటిండ్రు. దీనికంతటికి ఆరోగ్యశ్రీయే కారణమని నేను అంటలేను. చేతి పైసలు పెట్టి చేయించుకున్నోళ్లు సుత మస్తు మంది. కాని నిగరాని లేకుండ కొనుడు మొదలువెడితె ఏం కావచ్చునో ఇది చూపిస్తది.

దొంగ బిల్లుల సంగతి సుత ఉన్నది. ముఖ్యమంత్రి సహాయ నిధి పేరు మీద ఉత్తుత్తి బిల్లులు పెట్టిండ్రని 2024 ఆగస్టుల తెలంగాణ సీఐడీ కొన్ని ప్రైవేటు దవాఖానల మీద కేసులు పెట్టింది. అందరినీ ఒక్క తీరు తిట్టుడు తప్పు. కాని ‘బాకీ కట్టుండ్రి’ అని అడిగే హక్కు దవాఖానలకు ఎంతున్నదో, ‘బిల్లు చూపెట్టుండ్రి’ అని అడిగే హక్కు మనకంతే ఉన్నది.

మరి మనం ఏం చెయ్యాలె?

ఫోన్ల రీల్స్ చూసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది ఒక్కటే. మన తరఫున పైరవీ చేసేటోడు ఎవ్వడూ రాడు, మనమే చెయ్యాలె. దానికి పట్నం పోవాల్సిన పని లేదు.

మొదటిది, మీ పీహెచ్‌సీల డాక్టరు పోస్టులు ఎన్ని, నర్సుల పోస్టులు ఎన్ని, అండ్ల ఖాళీలు ఎన్ని, పోయిన ఏడాది ఏ మందులు ఎన్ని రోజులు లేకుండె అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. ఫీజు పది రూపాయలు దాటది, దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నోళ్లకు అదీ లేదు. ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఆ జవాబు కాయితం ఫొటో తీసి ఊరి గ్రూపుల పెట్టుండ్రి.

రెండోది, బడ్జెట్ సమావేశాలు శానా వరకు ఫిబ్రవరి, మార్చి నెలలల్ల ఉంటయి. దానికి ముందుగాల పది మంది కలిసి ఎమ్మెల్యే కాడికి పోవాలె. ‘ఆరోగ్యం బాగు చెయ్యుండ్రి’ అంటె ఆయన సరే అంటడు, గంతే. ‘మా పీహెచ్‌సీల ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు రెండేండ్ల సంది ఖాళీ, అసెంబ్లీల సవాలు ఏయుండ్రి’ అని కాయితం చేతిల పెడితె తప్పించుకునుడు కష్టం. దవాఖానల సంఘాలు చేసేది సుత ఇదే, లెక్క చేతిల పట్టుకొని పోతరు.

మూడోది, ఆరోగ్యశ్రీ బంద్ అని వార్త వస్తె భయపడి అప్పుకు ఉరుకొద్దు. సర్కారు దవాఖానలు బంద్ ఉండయి. గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, జిల్లా దవాఖానలు తెరిచే ఉంటయి. బంద్ లేనప్పుడు సుత కార్డు మీద చేరినోళ్ల కాడ దవాఖాన పైసలు గుంజితె ఆరోగ్యమిత్రను అడగండ్రి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యుండ్రి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండ్రి. రసీదు లేకుంటె మీ మాటకు ఇలువ ఉండదు.

సర్కారును అడగాల్సింది సుత కొంత ఉన్నది. ఏ దవాఖానకు ఎంత బాకీ ఉన్నదో నెలనెలా జనం ముందట పెట్టాలె. పైసలు వదిలేటప్పుడు చిన్న దవాఖానలకు ముందు ఇయ్యాలె. సంఘాలు ఇచ్చే వినతిపత్రాలు, చర్చలల్ల ఒప్పుకున్న మాటలు అందరికి చూపెట్టాలె. దవాఖానలు ఉన్న ఎమ్మెల్యే ఆరోగ్య బడ్జెట్ మీద మాట్లాడే ముందు ‘నాకు ఇండ్ల వాటా ఉన్నది’ అని సభల చెప్పాలె. ఆరోగ్యశ్రీ పరిమితి పెంచిన ప్రతిసారి, దానితోపాటే పీహెచ్‌సీలకు ఎంత పెంచిండ్రో చెప్పాలె. వీటికి కొత్త ఖర్చు శానా తక్కువ, కావాల్సింది మనసు.

ఆరోగ్యశ్రీ ఉండాలె, దాని బాకీలు టైముకు కట్టాలె. కాని దాని అవసరం పడేదాక మనిషిని పోనియ్యకుండ చూసే దవాఖాన మన మండలంలనే ఉన్నది. అండ్ల ఇయ్యాల బీపీ గోలీలు ఉన్నయో లేవో పొద్దుగాల పోయి అడగండ్రి. లేవంటె, ఎందుకు లేవో రాసిమ్మనుండ్రి.